చీకటి గట్టు, ఎర్రని నది: కుయింజి సాయంసంధ్యా చిత్రం

సూర్యాస్తమయవేళ నదిని చిత్రించడం బొమ్మలు వేయడం నేర్చుకొనే ప్రతివారూ తొలినాళ్ళలోనే చేసే ప్రయత్నం. అందువల్లనేమో అది తేలిక పని అనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. సంవత్సరాదికి కొట్లవాళ్ళు పంచే క్యాలెండరు మీద ఆ దృశ్యమే. హోటలు గోడమీదా అదే. నారింజరంగు ఆకాశం, ఒడ్డున రెండు కొబ్బరిచెట్లు, నడిమధ్య ఒక పడవ, నీళ్ళలో పొడుగ్గా సాగిన సూర్యుడి నీడ. చూసీచూసీ విసిగిన రసజ్ఞులు సాయంసంధ్య అనే వస్తువునే చవకబారుదని తోసిపుచ్చుతున్నారు. వస్తువు మీద ఇలా తీర్పు చెప్పడం ఎంతవరకు న్యాయమో ఒక మంచి చిత్రాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ చిత్రం అర్ఖిప్ కుయింజి 1905–1908 నడుమ వేసిన ‘ద్నీపర్‌పై ఎర్రని సూర్యాస్తమయం’. తైలవర్ణాలలో వేసిన ఈ చిత్రం 1974 నుంచి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఎక్కడి ద్నీపర్, ఎక్కడి మనం అని విద్యార్థులకు అనిపించవచ్చు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష, బడిలో ఇంకొక భాషగా పెరిగినవారికి ఈ చిత్రకారుడి జీవితం అంత పరాయిదిగా తోచదు. అందుచేత చిత్రంలోకి వెళ్ళేముందు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అవసరం.

కుయింజి 1840 ప్రాంతాలలో అజోవ్ సముద్రతీరాన మరియుపోల్ పట్టణం దగ్గర పుట్టాడు. ఆ ఊరు నేటి ఉక్రెయిన్‌లోనిది. అప్పట్లో రష్యన్ సామ్రాజ్యంలో భాగం. 1778లో క్రిమియా నుంచి తరలించబడిన గ్రీకులు అక్కడ స్థిరపడ్డారు. వారిలో ఒక శాఖవారు మతం చేత గ్రీకు క్రైస్తవులే అయినా ఇంట్లో మాట్లాడేది తాతారు భాషకు దగ్గరైన నుడి. కుయింజి కుటుంబం ఆ శాఖలోనిదే. ఆ ఇంటిపేరుకు ఆ భాషలో ‘కంసాలి’ అని అర్థం. అతని అన్న ఆ పేరునే రష్యన్‌లోకి అనువదించుకొని జొలొతర్యోవ్ అయ్యాడు. తమ్ముడు పాతపేరునే ఉంచుకొన్నాడు. తండ్రి చెప్పులు కుట్టి జీవించినవాడు. పసితనంలోనే తల్లిదండ్రులు పోవడంతో పిల్లవాడు పశువులు కాశాడు, ధాన్యం వర్తకుడి దగ్గర పనిచేశాడు, తరవాత ఫోటో స్టూడియోలలో ఫోటోలకు మెరుగులు దిద్దాడు. పీటర్స్‌బర్గ్‌లోని కళా అకాడమీ అతన్ని మొదట చేర్చుకోలేదు. అతని జీవితంలో అధికభాగం ఆ ఉత్తరాది రాజధానిలోనే గడిచింది. దక్షిణాది మైదానాలనూ, ద్నీపర్ నదినీ మాత్రం అతడు జీవితాంతం వేస్తూనే ఉన్నాడు. మన చర్చలోని చిత్రం అరవై దాటిన వయసులో వేసినది. 1910లో అతడు మరణించాడు.

ఇక చిత్రానికి వద్దాం. కాన్వాసు సుమారు 135 సెంటీమీటర్ల ఎత్తు, 188 సెంటీమీటర్ల వెడల్పు. అందులో పెద్దభాగం ఆకాశానిదే. ఆ ఆకాశంలో పెద్దభాగం ఒక మహా మేఘరాశిది. దిగిపోతున్న సూర్యుడి వెలుగు తగిలి ఆ మేఘం నిప్పుకణికలా ఎర్రబడింది. చిత్రానికి కర్త సూర్యుడే అయినా కంటిని ఆక్రమించేది మేఘం. అడుగున మిగిలిన కొద్దిపాటి జాగాలో నేల, నది ఉన్నాయి. నేల దాదాపు నల్లగా ఉంది. నది ఆ నలుపులోనుంచి ఆకాశపు ఎరుపును కొంత తీసుకొని మెరుస్తోంది. కొంతసేపు చూస్తూ నిలబడితే, కళ్ళు ఆ చీకటికి అలవాటుపడిన తరవాత, ఒడ్డున గడ్డికప్పుల గుడిసెలు ఆనుతాయి. మనుషుల జాడ అంతే. దీపం లేదు, పడవ లేదు, పాట పాడే పడుచు లేదు.

ఈ చిత్రాన్ని చూడడంలో ఒక క్రమం ఉంది. మొదట ఎరుపు, తరవాత నది, చిట్టచివర గుడిసెలు. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే ఎరుపు వాచ్యం, గుడిసెలు ధ్వని. గంట కొట్టిన తరవాత మిగిలే అనురణనంలాగా అవి ఆలస్యంగా అందుతాయి. ఆ ఆలస్యమే చిత్రానికి ప్రాణమని నా అభిప్రాయం. ఇంత మంట కింద ఎవరో నివసిస్తున్నారనీ, వారికి ఇది రోజూ వచ్చే సాయంకాలమేననీ తెలిసినప్పుడు ఆకాశపు ఆర్భాటానికి అర్థం మారిపోతుంది. అంతవరకు దృశ్యం, అక్కడనుంచి అది ఒక ఊరు.

క్యాలెండరు బొమ్మలో ఈ క్రమం ఉండదు. అక్కడ పడవా, చెట్లూ, సూర్యుడూ ఒక్కసారే మీదపడతాయి. రెండోసారి చూస్తే కొత్తగా కనిపించేది ఏమీ మిగలదు. మన ప్రబంధకవులలో కూడా ఈ తేడా చూడవచ్చు. ఎందరో కవుల సూర్యాస్తమయ వర్ణనలు కథకు అతకని నగలు. మనుచరిత్రలో ప్రవరుడు వెళ్ళిపోయిన తరవాత వచ్చే సాయంకాలం అటువంటిది కాదు. వరూధిని వేదన పక్కన నిలబడినందువల్ల ఆ అస్తమయానికి బరువు వచ్చింది. ఎవరి మీద చీకటి పడుతోందో తెలిస్తేనే సాయంకాలం కళావస్తువు అవుతుంది.

అయితే ఇది భావానికి సంబంధించిన మాట మాత్రమే. చిత్రకారుడు భావాన్ని రంగులోకి ఎలా దించాడన్నది విమర్శకుడు తప్పించుకోరాని ప్రశ్న. దానికి సూర్యాస్తమయం చిత్రకారుడికి పెట్టే చిక్కు ఏమిటో తెలియాలి.

పొద్దు వాలినప్పుడు ఎర్రదనం ఎందుకు వస్తుందో పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నడినెత్తిన ఉన్నప్పటికంటే దిగంతంలో ఉన్నప్పుడు సూర్యకాంతి సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావలసి ఉంటుంది. ఆ దారిలో నీలిరంగు చెదిరిపోగా ఎరుపు, నారింజ మిగిలి మనకు చేరతాయి. ఇదంతా వెలుగు. చిత్రకారుడి చేతిలో ఉన్నది వెలుగు కాదు, రంగుముద్ద. రంగులపళ్ళెంలో తెలుపుకు మించిన కాంతి లేదు. మంచి తెల్లరంగు తనమీద పడిన వెలుగులో పదింట తొమ్మిది వంతులు వెనక్కి పంపుతుంది. నల్లరంగు కూడా నూటికి మూడు నాలుగు వంతులు పంపుతుంది. అంటే కాన్వాసు మీద ఎంత ప్రయత్నించినా అన్నిటికంటే వెలుగైన చోటుకూ అన్నిటికంటే చీకటి చోటుకూ మధ్య తేడా పాతిక ముప్పై రెట్లకు మించదు. అసలు సాయంకాలంలో సూర్యబింబానికీ గట్టుకింది నీడకూ మధ్య తేడా వేల రెట్లు.

దీనికి తోడు మరొక చిక్కు. ఎరుపును వెలిగించాలని తెలుపు కలిపితే అది గులాబీ అవుతుంది. కాంతి పెరుగుతుంది గాని మంట చల్లారిపోతుంది. తెలుపు కలపకుండా వదిలితే ఎరుపు నిజానికి ముదురు రంగే. నలుపు తెలుపు ఫోటోలో అది బూడిదరంగుగానే పడుతుంది. కనుక ఎరుపు ‘వెలుగుతున్నట్లు’ కనిపించాలంటే ఎరుపును మార్చి లాభం లేదు. దాని పక్కనున్నవాటిని మార్చాలి. పక్కన చల్లని, మాసిన రంగులు ఉండాలి. కింద నిజమైన చీకటి ఉండాలి. సాయంసంధ్య చిత్రానికి పరీక్ష ఆ చీకటి భాగంలోనే ఉందని నేను చెప్పదలచుకొన్నది. నేర్చుకొనేవారి చిత్రాలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. ఎరుపు మీద ప్రేమకొద్దీ గట్టుకూ, చెట్లకూ, ఇసుకకూ కూడా నారింజరంగు పులుముతారు. అన్నీ వెలిగినచోట ఏదీ వెలగదు.

కుయింజి గట్టును నల్లగా విడిచిపెట్టగలిగాడు. విడిచిపెట్టడమంటే పట్టించుకోకపోవడం కాదు. ఆ నలుపులో గుడిసె కప్పు వేరుగా, నేల వేరుగా కనబడాలి. ఇటువంటి చీకటికి నూనెరంగు ఎంతో అనువైనది. నీటిరంగులలో వెలుగంటే కాగితపు తెలుపే. ముందుగానే దాన్ని కాపాడుకొని చుట్టూ ముదురు చేసుకుంటూ పోవాలి. పోస్టరు రంగులలో ముదురుభాగం ఆరిన తరవాత మసిపూసినట్లు పేలవంగా తేలుతుంది. అవిసెనూనెలో నూరిన రంగు వేరు. అది నీరు ఇంకిపోవడం చేత ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని రోజుల తరబడి గట్టిపడుతుంది. ఆ గడువులో మేఘపు అంచును పక్కరంగులోకి మెత్తగా కలపవచ్చు. ఆరిన తరవాత పైన పలుచని పారదర్శకమైన పొర వేయవచ్చు. వెలుగు ఆ పొరలలోకి దిగి తిరిగివస్తుంది గనుక చీకటికి లోతు వస్తుంది. బావిలోకి తొంగిచూసినప్పటి చీకటి అది. చీకటిలోనుంచి వెలుగువైపు పనిచేసుకుంటూ రావడానికి కూడా నూనెరంగులో వీలుంది. సాయంకాలాన్ని చిత్రించడానికి ఇంతకంటే తగిన సాధనం లేదనడం అతిశయోక్తి కాదు.

నది విషయంలో మరొక సూక్ష్మం గమనించవలసి ఉంది. నీరు అద్దంవంటిదని అంటాం గాని అది అన్నిచోట్లా ఒకే అద్దం కాదు. దూరపు నీటిని మనం ఏటవాలుగా చూస్తాం. అది ఆకాశాన్ని బాగా ప్రతిఫలిస్తుంది. కాళ్ళదగ్గరి నీటిని పైనుంచి చూస్తాం. అది ప్రతిఫలించేది బహు తక్కువ, దానిలో దాని సొంతరంగే కనబడుతుంది. అందువల్ల నదిలో ప్రతిబింబించిన ఆకాశం పైనున్న ఆకాశంకంటె ఒక పాలు తగ్గి, దగ్గరకు వచ్చేకొద్దీ చీకటిలో కలిసిపోతుంది. అలలుంటే సూర్యుడి నీడ గుండ్రంగా ఉండక మనవైపు నిట్టనిలువుగా సాగుతుంది. యానాంలో గౌతమి గట్టున ఒక సాయంకాలం నిలబడినా, మరే నది ఒడ్డున నిలబడినా ఈ సంగతులు కంటితోనే తెలుసుకోవచ్చు. బొమ్మవేసేవారు మాత్రం ఆకాశానికి వాడిన రంగునే నీటికీ దించుతారు; నది పడుకోబెట్టిన ఆకాశమైపోతుంది. కుయింజి చిత్రంలో నది ఆకాశంకంటె తక్కువ వెలుగుతుంది, నేలకంటె ఎక్కువ వెలుగుతుంది. మండే మేఘానికీ మసకబారిన గుడిసెలకూ నడుమ రాయబారిలాగా ఉంటుంది. ఆ నదే లేకపోతే చిత్రం రెండుముక్కలై ఉండేది.

ఈ చిత్రాన్ని ఇంతగా మెచ్చుకొంటున్నప్పుడు దానిమీద రాగల ఆక్షేపణను కూడా ఎదుర్కోవాలి. కుయింజిది గారడీ అని ఆయన కాలంలోనే అన్నవారున్నారు. 1880లో ‘ద్నీపర్‌పై వెన్నెల రాత్రి’ అనే ఒకే ఒక చిత్రాన్ని చీకటిగదిలో దీపం వెలుగున ప్రదర్శించినప్పుడు పీటర్స్‌బర్గ్ జనం బారులు తీరారు. చంద్రుడి వెనక దీపం దాచారేమోనని చిత్రం వెనక్కి తొంగిచూసినవారున్నారని ప్రతీతి. ఇది కళా, కనికట్టా అని అడగడంలో తప్పులేదు.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి అదే కాలపు మరొక చిత్రాన్ని పక్కన పెట్టి చూడాలి. ఐజాక్ లెవితాన్ 1889లో వోల్గా నదిమీద ‘సాయంకాలం: బంగారు ప్ల్యోస్’ అనే తైలవర్ణచిత్రం వేశాడు. అది మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. అందులో ఎరుపు చెలరేగదు. పొద్దు వాలిన తరవాత మిగిలిన బంగారు వెలుగు నదిమీదా, తేలివస్తున్న పొగమంచుమీదా, ఒడ్డునున్న చర్చిమీదా, తెల్లని ఇంటిమీదా సమంగా పరుచుకొంటుంది. దేనికదే వెలిగే తహతహ అక్కడ లేదు. లెవితాన్ గొంతు తగ్గించి చెప్పాడు. కుయింజి గొంతెత్తి చెప్పాడు. లెవితాన్ చిత్రం ముందు మనం సేదదీరుతాం. కుయింజి చిత్రం ముందు మొదట తడబడి, తరవాత నిలదొక్కుకొంటాం.

నిగ్రహాన్ని గుణంగా భావించే విమర్శకుడు లెవితాన్‌కే పెద్దపీట వేస్తాడు. ఆ పక్షంలో సత్యం లేకపోలేదు. కుయింజి వేసిన కొన్ని చిత్రాలలో ప్రభావం కోసం తాపత్రయం కనిపిస్తుంది; ఒకే ఎత్తుగడ మళ్ళీమళ్ళీ వస్తుంది. ఈ చిత్రాన్ని మాత్రం ఆ జాబితాలో చేర్చలేము. కనికట్టులో మొదటి క్షణమే సర్వస్వం. ఇక్కడ మొదటి క్షణం తరవాతనే అసలు విషయం మొదలవుతుంది. గుడిసెలను అంత చీకటిలో పెట్టినవాడు చప్పట్లకోసం వేసినవాడు కాడు. పైగా 1882 తరవాత దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన తన చిత్రాలను ప్రజలకు చూపలేదు. ఈ చిత్రం వేసేనాటికి మెప్పు సంపాదించవలసిన అవసరమూ ఆయనకు లేదు.

నూనెరంగుకున్న ఒక లోపాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. చీకటికి లోతునిచ్చే ఆ నూనే కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, కొన్ని రంగులు నల్లబడతాయి. ‘వెన్నెల రాత్రి’ చిత్రాన్ని కొన్న రాజవంశీకుడు దాన్ని తనవెంట ఓడమీద సముద్రయానానికి తీసుకుపోయాడు. ఉప్పుగాలి దానికి చెరుపు చేస్తుందని తుర్గేనెవ్ వంటి రచయిత వారించినా వినలేదు. ఆ చిత్రం నేడు ఆనాటికంటె నల్లబడి ఉంది. మెండలీవ్ వంటి రసాయన శాస్త్రవేత్తతో స్నేహం చేసి, రంగుల గుణాలను శ్రద్ధగా విచారించిన కుయింజికే ఈ నష్టం తప్పలేదు. తైలవర్ణంలో వేసిన సాయంకాలం కూడా నెమ్మదిగా చీకటిపడుతూనే ఉంటుంది. మనం చూస్తున్నది చిత్రకారుడు వేసిన గంట తరవాతి ఆకాశమని గుర్తుంచుకొని చూడాలి.

ఈ సంగతి మనల్ని దక్షిణభారతానికి తీసుకువస్తుంది. 1890లలో కుయింజి పీటర్స్‌బర్గ్ అకాడమీలో ప్రకృతిచిత్రణ బోధించాడు. విద్యార్థుల ఆందోళనను సమర్థించినందుకు 1897లో ఆ పదవి పోయింది. మరుసటి సంవత్సరం తన సొంత ఖర్చుమీద శిష్యులను ఐరోపా చూపించడానికి తీసుకువెళ్ళాడు. ఆ శిష్యవర్గంలోనివాడే నికొలాయ్ రోరిక్. ఆయన తరవాత నూనెరంగులను విడిచి, నల్లబడే భయం తక్కువైన టెంపెరా రంగులవైపు మళ్ళాడు. హిమాలయాలలోని కుల్లూ లోయలో స్థిరపడి 1947లో అక్కడే మరణించాడు. ఆయన కుమారుడు స్వెతోస్లావ్ కూడా చిత్రకారుడే. వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణిని వివాహమాడి బెంగుళూరు శివార్లలోని తాతగుణి తోటలో జీవించాడు. బెంగుళూరు కర్ణాటక చిత్రకళా పరిషత్తులో ఈ తండ్రీకొడుకుల చిత్రాలకు ప్రత్యేకమైన గ్యాలరీలు ఉన్నాయి. న్యూయార్క్ వెళ్ళలేని విద్యార్థి బెంగుళూరు వెళ్ళవచ్చు. కొండలమీద చివరి ఎరుపును నిలపడానికి కింది లోయను ఎలా చీకటిచేయాలో గురువునుంచి శిష్యుడు, తండ్రినుంచి కొడుకు ఏమి నేర్చుకొన్నారో స్వయంగా పరిశీలించవచ్చు. మనలో చాలామంది కుయింజిని చూసేది అచ్చులోనూ తెరమీదనూ. ఆ ప్రతులలో మొదట చెడేది ఆ చీకటి భాగమే. గుడిసెలు మాయమై ఎరుపు ఒక్కటే మిగులుతుంది. అప్పుడది నిజంగానే క్యాలెండరు బొమ్మ. కనుక ఎక్కడైనా సరే, రంగు పూసిన కాన్వాసు ఎదుట నిలబడడం నేర్చుకోవాలి.

చివరిగా ఒక ప్రశ్న. ఈ చిత్రం ఎవరిది? 2022 మార్చిలో యుద్ధంలో మరియుపోల్‌లోని కుయింజి మ్యూజియం బాంబుదాడికి గురైంది. అక్కడ ఉండిన కుయింజి అసలు చిత్రాలలో ఎర్రని సూర్యాస్తమయానికి వేసుకొన్న చిత్తుచిత్రం కూడా ఒకటి. 2023లో మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన పేరు పక్కనున్న ‘రష్యన్’ అన్న మాటను తీసి ‘ఉక్రేనియన్’ అని మార్చింది. గ్రీకు వంశం, తాతారు నుడి, ఉక్రెయిన్ నేల, పీటర్స్‌బర్గ్ చదువు — ఇన్ని పాయలు కలిసిన మనిషికి ఒక్క విశేషణం చాలదు. అలాగని పుట్టిన నేలను చెరిపివేసే విశేషణానికంటె దాన్ని గుర్తుచేసే విశేషణం మేలని ఒప్పుకోవడంలో నాకు సందేహం లేదు. ఆయన ఎన్నుకొన్న నది అదే గనుక.

సొంతగడ్డకు దూరంగా తరతరాలుగా ఉంటున్నవారికి ఆ గడ్డమీది నది నెమ్మదిగా బొమ్మగా మారే ప్రమాదం ఉంది. ఎన్నడూ చూడని గోదావరి మన పాటలలో ఎప్పుడూ ఎర్రగానో, పచ్చగానో, నిండుగానో ఉంటుంది. దాని ఒడ్డున ఎవరు ఉంటున్నారో మనం అడగము. జీవితమంతా ఉత్తరాన గడిపి, అరవై దాటాక తన నదిని మళ్ళీ వేసిన ఈ వృద్ధుడికి ఆ ప్రమాదం తెలుసనుకొంటాను. ఎంత మంట పెట్టినా గుడిసెలను మరవలేదు. ఈ చిత్రం ప్రతి మీకు దొరికితే ఒకపని చేయండి. ఆకాశాన్ని అరచేతితో మూసి, అడుగుభాగాన్ని మాత్రమే కొంతసేపు చూడండి. తరవాత చెయ్యి తీయండి. ఆ ఎరుపు ఎవరి ఇళ్ళమీద పడుతోందో అప్పుడు తెలుస్తుంది.